రాని ఓడే మేలు

కిందటేడు తుఫానుకి మా వీధిలో మూడు రోజులు కరెంటు లేదు. పక్క మేడవాళ్లు జనరేటరు పెట్టారు. క్యానులోంచి డీజిల్ పోస్తుంటే చారెడు ఒలికింది. అది వాననీళ్ల మీద రంగురంగులుగా పరుచుకుని వీధి చివరి కాలవదాకా పోయింది. రెండు రోజులు ఆ వాసన వదల్లేదు.

చారెడు నూనెకే ఇంత అయితే, అల్దబ్రా లాంటి చోట మాటేమిటి? సీషెల్స్ రాజధాని ఉన్న మాహె దీవికి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న పగడపు దీవి అది. లక్షదాకా రాక్షస తాబేళ్లకు ఇల్లు. హిందూ మహాసముద్ర దీవుల్లో మిగిలిన ఆఖరి ఎగరలేని పక్షి ఉన్నది అక్కడే. 1960ల్లో బ్రిటన్ అక్కడ సైనిక విమాన స్థావరం కట్టబోతే శాస్త్రవేత్తలు గట్టిగా అడ్డుపడ్డారు. 1967లో ఆ ఆలోచన మూలపడింది. ఇప్పుడక్కడ ఉండేది దీవిని కనిపెట్టుకుని పరిశోధన చేసుకునే కొద్దిమందే. ఆ కొద్దిమందికీ దీపం, ఫ్రిజ్, వైర్‌లెస్ అన్నీ ఏళ్ల తరబడి డీజిల్ మీదే నడిచాయి. 2012లో సోలార్ పలకలు బిగించాక జనరేటరు అవసరానికి అక్కరకొచ్చే సరుకైంది.

సోలార్ అనగానే అందరూ కార్బన్ లెక్క చెబుతారు. గుప్పెడు మంది వాడే కరెంటుతో భూమి చల్లబడదు. నా మట్టుకు అసలు లాభం వేరు. నూనె మోసుకొచ్చే ఓడ రావలసిన పని తగ్గుతుంది.

ఆ ఓడ ఏం చేయగలదో గలాపగోస్ దీవులు చూశాయి. 2001 జనవరి 16న జెస్సికా అనే ట్యాంకరు అక్కడి శాన్ క్రిస్టోబల్ దీవి దగ్గర నేలకు తగిలి ఇరుక్కుపోయింది. అందులో సుమారు 9 లక్షల లీటర్ల ఇంధనం ఉంది. దీవుల అవసరాలకు డీజిల్, పర్యాటకుల ఓడ కోసం ముడినూనెలాంటి చిక్కటి ఇంధనం. చాలామటుకు సముద్రం పాలైంది. గాలీ ప్రవాహమూ తెట్టును నడిసముద్రంలోకి లాక్కుపోతే గండం గడిచిందనుకున్నారు అందరూ. శాంటా ఫే దీవి ఒడ్డుకు తగిలింది కొద్దిపాటి నూనే. అయినా ఏడాది తిరిగేసరికి అక్కడి సముద్రపు ఇగ్వానాల్లో నూటికి 62 చచ్చిపోయాయి. అవి తినేది సముద్రపు నాచు. దాన్ని అరిగించే సూక్ష్మజీవులను ఆ కాస్త నూనె చంపేసి ఉంటుందని, కడుపు నిండా తింటూనే అవి ఆకలితో పోయి ఉంటాయని పరిశోధకుల అనుమానం. ఈ సంగతి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

పలకలు పెట్టేస్తే పనైపోయిందనీ కాదు. ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పడతాయి. పలకల మీద పక్షుల రెట్టలు ఎండి అట్టకడతాయి, ఎవరో ఒకరు తడిగుడ్డతో తుడవాల్సిందే. నన్ను అంతకన్నా భయపెట్టేది, కరెంటు ఊరికే వస్తోంది కదా అని ఒడ్డునిండా దీపాలు పెట్టడం. గుడ్డులోంచి బయటపడ్డ సముద్ర తాబేలు పిల్ల వెలుగున్న వైపు పాకుతుంది. మన తీరంలోనూ అంతే, సముద్రంలోకి పోవలసిన పిల్లలు దీపాల వెలుగుకి దారితప్పి రోడ్డు వైపు వచ్చేస్తాయి. ఆ వెలుగు డీజిల్‌దా, ఎండదా అని పిల్లకు తేడా లేదు.

మనకూ ఒక నార్కొండం ఉంది. అండమాన్‌లో ఏడు చదరపు కిలోమీటర్లకు అటూఇటూగా ఉన్న దీవి. నార్కొండం హార్న్‌బిల్ ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఆడపక్షి చెట్టు తొర్రలో దూరి, వాకిలి మూసుకుని, మగపక్షి సందులోంచి అందించే పండ్లతో పిల్లలను సాకుతుంది. అక్కడ రాడార్, దానికి డీజిల్ జనరేటర్లు పెడతామని తీరరక్షక దళం అడిగితే పర్యావరణ శాఖ 2012లో వద్దంది, 2014లో సరేనంది. సరిహద్దు కాపలా అక్కర్లేదని నేననను. ఆ దీవిలో ఏ యంత్రం పెట్టినా ఎండతోనూ బ్యాటరీలతోనూ నడపాలి. రాత్రి దీపాలు ఒడ్డుకు కనపడకూడదు. పాడైన బ్యాటరీ సరుకు తెచ్చిన పడవలోనే వెనక్కి పోవాలి. ఈ మూడూ అనుమతి కాగితంలోనే షరతులుగా రాసి, ఏటా ఒకరు వెళ్లి చూసి రావాలి.