మన్నాకు కొలత ఉంది

2021 మే నెలలో హైదరాబాదులో బెడ్డు కోసం బయలుదేరిన ఆంధ్రా అంబులెన్సులను కోదాడ దగ్గర రామాపురం క్రాస్‌రోడ్డులో ఆపేశారు. మే 14న హైకోర్టు స్టే ఇచ్చాకే దారి తెరుచుకుంది. మనకూ ఆక్సిజన్ కొరత ఉన్నమాట నిజమే. ఖాళీ ట్యాంకర్లను విమానాల్లో ఒడిశాకు పంపి నింపించుకున్నాం. కానీ కొరతకు జవాబు గేటు వేయడం కాదు, కొలత పెట్టడం.

అరణ్యంలో మన్నాను తలకొక ఓమెరు చొప్పున కొలిచారు. మరునాటికి దాచుకున్నది పురుగుపట్టింది. ముందుజాగ్రత్త పేరుతో రెమ్‌డెసివిర్, సిలిండర్లు ఇంట్లో దాచుకుంటే, సూర్యాపేటలోనో మిర్యాలగూడలోనో ఊపిరాడక అల్లాడేవారి వంతు మనం దాచినట్టే. ఎవరికి ముందు ఇవ్వాలో డాక్టరు చెప్పాలి. డబ్బు, పలుకుబడి, పొలిమేర కాదు. మళ్లీ అలాంటి రోజులొస్తే మన సంఘాలు ఈ కొలతే పాటించాలి. ప్రభువు మనకు ఆ మనసునిచ్చును గాక. ఆమేన్.