కాలుడికి మొక్కి వచ్చేస్తే సరా?

అమెరికాలో, న్యూ మెక్సికో ఎడారిలో ట్రినిటీ అనే చోటుంది. ప్రపంచంలో మొట్టమొదటి అణుబాంబుని 1945 జూలై 16 తెల్లవారుజామున అక్కడే పేల్చి చూశారు. సైన్యం ఏలుబడిలోని చోటు కనక ఏడాదికి ఒకటి రెండు రోజులే జనాన్ని రానిస్తారు. ఆ రోజున తిరనాళ్ళే! మా మేనకోడలు కూడా పిల్లల్ని తీసుకుని వెళ్ళొచ్చి, నల్లరాతి స్తూపం పక్కన దిగిన ఫొటో పంపింది. "బాంబు చేసినాయనకి మన భగవద్గీతే గుర్తొచ్చిందట అత్తయ్యా!" అని ఒకటే మురిపెం.

గుర్తొస్తే మాత్రం? ఓపెన్‌హైమర్ తలచుకున్నది పదకొండో అధ్యాయంలో, భగవంతుడు తానే కాలుణ్ణని చెప్పిన మాట. 24 రోజులకి అలాంటి బాంబే నాగసాకి మీద పడింది. ఇందులో మనం గర్వపడేదేముందో నాకు బోధపడదు.

చూడవలసిందింకోటి ఉంది. ఆ బాంబు గుండెకాయని కూర్చింది ఓ పశువుల కాపరి కుటుంబం వదిలి వెళ్ళిన ఇంట్లో, పడకగదిలో! యంత్రాలమీద దుమ్ము పడకుండా కిటికీలకి ప్లాస్టిక్ కప్పారు, గోడ పగుళ్ళకి టేపులంటించారు. బాంబుకి అంత శుభ్రం! మరి చుట్టుపక్కల తులరోసా వంటి ఊళ్ళవాళ్ళకో? ముందుగా ఒక్క మాట చెప్పలేదు. వాళ్ళ ఇళ్ళమీద, పశువులమీద, తాగడానికి పట్టుకున్న వాన నీళ్ళలో బూడిద రాలింది. ఇంటింటా కాన్సరని వాళ్ళు మొత్తుకుంటూనే ఉన్నారు. 1990లో వచ్చిన పరిహారపు చట్టం వాళ్ళని వదిలేసింది. చేర్చింది 2025లో, బాంబు పేలిన 80 ఏళ్ళకి! అప్పటికి ఎందరు పోయారో!

"చరిత్ర చూడొద్దంటావా?" అంటారేమో. చూడండమ్మా, తప్పకుండా చూడండి. గంటసేపు నిలబడితే ఒంటికొచ్చే ముప్పు కూడా స్వల్పమే. నా తగువు దాని గురించి కాదు. సగం చూసి వచ్చేస్తున్నారే, దాని గురించి.

మా కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాలుడు, రెండోది ముక్తేశ్వరుడు. ముందు కాలుడికి మొక్కుతాం, అక్కడితో ఆగం. రెండోవాడికి మొక్కకుండా గుడి దిగితే పెద్దవాళ్ళు ఊరుకుంటారా? ట్రినిటీ స్తూపం దగ్గరున్నది కాలుడొక్కడే. సందర్శన రోజుల్లో తులరోసా మనుషులు దారిపక్కన అట్టలు పట్టుకుని నిలబడుతూ వచ్చారు. ఈసారి వెళ్ళేవాళ్ళు అక్కడ కారాపి, పిల్లల్ని దింపి, వాళ్ళు చెప్పేది వినిపించండి. ఫొటో తర్వాత దిగొచ్చు.