కట్టేసిన స్విచ్

ఇంజెక్షన్ మౌల్డింగ్ మెషిన్‌కు ముందువైపు జరిపే తలుపు ఉంటుంది. హాపర్‌లో పోసిన ప్లాస్టిక్ దానా రెండొందల డిగ్రీల వేడికి కరిగి ఆ తలుపు వెనకున్న డైలోకి దూకుతుంది. మగ్గో, సీసా మూతో అయి బయటికొస్తుంది. డై రెండు పలకలూ టన్నుల బలంతో బిగుసుకుంటాయి. తలుపు తెరిచి ఉన్నంతసేపూ అవి కదలకుండా ఆపేది చిన్న లిమిట్ స్విచ్. మనిషి చేతికి ఉన్న కాపలా అదే.

ఆ స్విచ్‌ను వైరుతోనో టేపుతోనో కట్టేసి నడిపే షెడ్లున్నాయి. తలుపు మూసే పని తప్పి షాట్‌కు రెండు సెకన్లు మిగిలితే పన్నెండు గంటల షిఫ్టులో వందల పీసులు ఎక్కువొస్తాయి. నైట్ డ్యూటీలో, తెల్లవారుజామున, డైలో ఇరుక్కున్న పీసు తీయబోయిన చెయ్యి నలిగిపోతుంది. కాగితం మీద మాత్రం 'ఆపరేటర్ అజాగ్రత్త' అని పడుతుంది. స్విచ్ కట్టించింది ఎవరని అడగరేం?

పక్కన పీవీసీ నడుస్తుంటే ఇంకో బాధ. వేడి మితిమీరితే హైడ్రోజన్ క్లోరైడ్ పుడుతుంది. మూతికి కట్టుకున్న రుమాలు దాన్ని ఆపలేదు.

యంత్రాలకు రక్షణ కవచాలుండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. ఆ చట్టం కింద కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటే చాలు, అది ఫ్యాక్టరీ అయ్యేది. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కొత్త కార్మిక భద్రత కోడ్ ఆ సంఖ్యను ఇరవై చేసింది. పదిహేను మందితో నడిచే మౌల్డింగ్ షెడ్డు ఇప్పుడు ఆ నిర్వచనంలోకే రాదు. ప్రమాదం ఎక్కువున్న చోటే పట్టు సడలించడం ముమ్మాటికీ తప్పు.

బిహార్ నుంచో ఒడిశా నుంచో కాంట్రాక్టరు వెంట వచ్చిన కుర్రాడికి ఈఎస్ఐ పేరు తెలిసినా కార్డు ఉండదు. పనిలో గాయపడితే చేరిన తొలిరోజు నుంచే జీతంలో 90 శాతం ఇచ్చే పథకమది. పేరు నమోదు చేయకపోతే ఆ హక్కు కోసం కట్టు కట్టిన చేత్తో ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది అతనే.

2020 మే 7న విశాఖ ఎల్.జి. పాలిమర్స్‌లో స్టైరీన్ లీకై 12 మంది చనిపోతే దేశమంతా మాట్లాడింది. షెడ్లలో ఒక్కొక్కటిగా పోయే వేళ్ల గురించి ఎవరూ మాట్లాడరు.

తనిఖీకి వచ్చే అధికారి రిజిస్టర్లు తర్వాత చూడొచ్చు. ముందు ఆపరేటర్‌ను పక్కకు జరిపి, నడుస్తున్న మెషిన్ తలుపు తీసి చూడాలి. పలకలు ఆగకపోతే ఆ మెషిన్‌కు అప్పుడే సీలు వేయాలి. మూతల బరువు, రంగు ఏమాత్రం తేడా లేకుండా చూసి కొనే పెద్ద కంపెనీలు ఈ ఒక్క పరీక్షనూ ఆర్డరు షరతుల్లో చేర్చాలి.