పగడాల దీవులు నేర్పే పాఠం

అర్రహ్మాన్ సూరాలో అల్లాహ్ ముత్యాలను, పగడాలను తన అనుగ్రహాలుగా పేర్కొన్నాడు. ఆ సూరాను బోధించినప్పుడల్లా మాకు లక్షద్వీపాలు గుర్తుకు వస్తాయి. అరేబియా సముద్రంలోని ఆ దీవుల భూభాగమంతా కలిపినా 32 చదరపు కిలోమీటర్లే. జనావాసమున్నవి పది, అక్కడివారిలో అత్యధికులు మన ధార్మిక సోదరులే. కవరత్తిలో ఉజ్రా మస్జిద్ పైకప్పు చెక్కడాలు, మినికాయ్‌లో 1885 నాటి దీపస్తంభం, బంగారం దీవి చుట్టూ నిలిచిన నీలి జలాలు సందర్శకులను అలరిస్తాయి.

ఈ అందానికి పునాది పగడపు జీవి. ఆ అల్పప్రాణులు వేల ఏళ్లుగా కట్టిన సున్నపు గోడే అలల ధాటిని ఆపుతోంది. సముద్రజలం మితిమీరి వేడెక్కితే అవి తెల్లబారి మరణిస్తాయి. 1998లో అక్కడ అదే జరిగింది. బంగారం సమీపంలోని పరళి-1 అనే నిర్జన దీవి కోతకు గురై ఇప్పటికే కనుమరుగయింది.

సముద్రం వేడెక్కడంలో మనం దుబారా చేసే విద్యుత్తుకు, ఇంధనానికి కూడా పాత్ర ఉంది. పారే నది ఒడ్డున వుజూ చేసినా నీటిని వృథా చేయరాదని దైవప్రవక్త (స) బోధించారు. ఖాళీ గదిలో తిరిగే ఫ్యానును ఆపడం కూడా ఆ దీవివాసుల పట్ల మన బాధ్యతేనని పిల్లలకు చెబుదాం.