చలికాలపు చుట్టాలు

చలికాలం వస్తోందంటే మనకు ముందుగా గుర్తొచ్చేవి రేగిపళ్లు, నువ్వులుండలు, ఆ వెనకే సంక్రాంతి అరిసెలు. బియ్యమూ బెల్లమూ ఏడాది పొడవునా దొరికేవే. అయినా నడివేసవిలో అరిసెలు వండుకుంటే ఏదో వెలితి! యూరప్, అమెరికాల్లో బీరుకీ అలాంటి పట్టింపే ఉంది. వేసవిలో తాగే లేత పసుపు రంగు బీరు వేరు, మంచు కురిసే రోజుల్లో వచ్చేది వేరు. నవంబరులో చుట్టంలా దిగి, పండగ సందడి ముగియగానే వెళ్లిపోతుంది. మళ్లీ కావాలంటే ఏడాది ఆగాల్సిందే.

కాయకపోతే జరిమానా!

నార్వేలో మధ్యయుగాల నాటి గులాటింగ్ చట్టం ఒకటి ఉండేది. దాని ప్రకారం క్రిస్మస్‌కు ప్రతి రైతూ బీరు కాచి తీరాలి. మంచి పంటలనూ శాంతినీ కోరుతూ ఇరుగు పొరుగుతో కలిసి తాగాలి. కాయనివారు బిషప్పుకు జరిమానా కట్టాలి. వరసగా మూడేళ్లు ఎగ్గొడితే ఆస్తే పోయేది!

జర్మనీలోని బవేరియాది మరో దారి. అక్కడ 1553లో పాలకుడు వేసవి బీరుకు తాళం వేశాడు. ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా ఎవరూ బీరు కాయకూడదన్నాడు. కారణం ఎండ. ఫ్రిజ్‌లు లేని ఆ రోజుల్లో వేడికి బీరు పులిసి పాడైపోయేది. చలిలో చేసిందే నిలిచేది. అలా చలికాలమే బీరు తయారీకి అసలు రుతువైంది.

డెన్మార్క్‌లో ఇప్పటికీ ఆ రాకకు ముహూర్తం ఉంది. ఏటా నవంబరు మొదటి శుక్రవారం, రాత్రి సరిగ్గా 8 గంటల 59 నిమిషాలు. మన దగ్గరా పేరు వినిపించే ట్యూబర్గ్ తన క్రిస్మస్ బీరును ఆ నిమిషానే విడుదల చేస్తుంది. విచిత్రమేమిటంటే దీనికి ముందు ప్రకటన పుట్టింది, తర్వాత బీరు! 1980లో పండగ శుభాకాంక్షల కోసం చేసిన చిన్న కార్టూన్ జనానికి నచ్చడంతో, మరుసటి ఏడాది ఆ పేరుతో బీరే తెచ్చేశారు.

ఏముంది అందులో?

బీరుకు కావాల్సినవి నాలుగే: నీళ్లు, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, చేదునిచ్చే హాప్స్ పూలు, ఈస్టు. చలికాలపు బీరులో ఆ బార్లీ పాలు పెరుగుతుంది. అందులో కొంత గింజను బాగా వేయిస్తారు. అందుకే రంగు నల్లబడుతుంది, కాఫీ డికాక్షన్‌నీ మాడిన పంచదారనీ తలపించే వాసన వస్తుంది. కొందరు దాల్చినచెక్క, జాజికాయ, లవంగాలు కూడా వేస్తారు. గింజ ఎక్కువైతే చక్కెర ఎక్కువ, దాంతోపాటు ఆల్కహాలూ ఎక్కువ. మామూలు బీరులో అది 5 శాతం అటూఇటూ ఉంటే, బెల్జియంలోని డి డొల్లె అనే చిన్న బ్రూవరీ చేసే 'స్టిల్లె నాఖ్త్'లో 12 శాతం! పేరుకు అర్థం 'నిశ్శబ్ద రాత్రి'. ఈ బ్రూవరీని 1980లో ముగ్గురు అన్నదమ్ములు మొదలుపెట్టారు.

అందరూ ఇదే దారి పట్టాలనేం లేదు. కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా 1981 నుంచి చేస్తున్న 'సెలబ్రేషన్'లో మసాలా ఊసే ఉండదు. వేసవి చివర కోతకొచ్చిన తొలి హాప్స్‌ని తాజాగా వాడటమే దాని ప్రత్యేకత. కొత్త బియ్యంతో పొంగలి వండుకున్నట్టన్నమాట.

ఓపికకు పరీక్ష పెట్టేది మాత్రం 'సామిక్లౌస్'. స్విట్జర్లాండ్ యాసలో క్రిస్మస్ తాత అని అర్థం. ఏడాదికి ఒక్కసారే, సెయింట్ నికొలస్ పండగైన డిసెంబరు 6నే దీన్ని కాస్తారు. ఆపైన దాదాపు పది నెలలు చల్లటి పీపాల్లో వదిలేస్తారు. బయటికొచ్చేసరికి 14 శాతం ఆల్కహాలు. జ్యూరిక్‌లోని హ్యూర్లిమన్ కంపెనీ 1979లో మొదటిసారి చేసింది. 1990ల చివర్లో ఆ కంపెనీ చేతులు మారాక అది ఆగిపోయింది. కొన్నేళ్లకు ఆస్ట్రియాలోని ఎగ్గెన్‌బర్గ్ కోట బ్రూవరీ పాత పద్ధతిలోనే దాన్ని మళ్లీ బతికించింది.

ఇలాంటివాటిని ఐసు ముక్కలా చల్లబరచరు. చలి మరీ ఎక్కువైతే వాసనలు ముడుచుకుపోతాయి. అందుకే 10-13 డిగ్రీల దగ్గర, చిన్న గ్లాసులో పోసి, నెమ్మదిగా తాగుతారు. ఇంకో మాట. ఇవి ఒంటికి వెచ్చదనం ఇస్తాయన్నది భ్రమే. ఆల్కహాలు చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేయడం వల్ల వెచ్చగా అనిపిస్తుంది. నిజానికి ఆ దారినే ఒంట్లో వేడి బయటికి పోతుంది. అసలైన వెచ్చదనం స్వెటర్‌లోనే ఉంది!

ఏటా ఒక కొత్త చెట్టు

అమెరికాలో ఈ సంప్రదాయానికి కొత్త ఊపిరి పోసిన కథ శాన్‌ఫ్రాన్సిస్కోది. అక్కడ 1896 నాటి యాంకర్ బ్రూవరీ 1965లో మూతపడే స్థితికొచ్చింది. ఆ సంగతి ఓ యువకుడి చెవిన పడింది. పేరు ఫ్రిట్జ్ మేటాగ్. వాషింగ్ మెషీన్ల మేటాగ్ కుటుంబానికి చెందినవాడు. రోజూ తాను వెళ్లే చోట తాగేది ఆ బీరే. ఇక దొరకదని తెలిసి నేరుగా బ్రూవరీకి వెళ్లాడు, వాటా కొనేశాడు. అమెరికాలో చిన్న బ్రూవరీల ఉద్యమానికి అదే తొలి అడుగంటారు.

1975లో ఆయన క్రిస్మస్ కోసం ఓ ప్రత్యేకమైన బీరు చేయించాడు. కొనేవాళ్లకు పండగ కానుకలాంటిది. అప్పటినుంచీ రెండు నియమాలు. ఏటా తయారీ మారాలి, సీసా మీద చెట్టు బొమ్మా మారాలి. ఆ బొమ్మల్ని నాలుగు దశాబ్దాలకు పైగా చేత్తో గీసినవాడు జిమ్ స్టిట్ అనే చిత్రకారుడు. లోపల ఏం వేశారో మాత్రం ఎన్నడూ చెప్పలేదు. జాజికాయా, శొంఠా, దేవదారు చిగుళ్లా... ఊహించుకోవడమే! పిల్లల ఎత్తును గోడ మీద గీతలతో గుర్తుపెట్టుకున్నట్టు, ఏ ఏడాది సీసాను ఆ ఏడాది గుర్తుగా దాచుకున్నవాళ్లూ ఉన్నారు. అన్నీ వరసగా పేరిస్తే ఓ చిన్న అడవి.

చుట్టం రాని ఏడు

2017లో జపాన్‌కు చెందిన సప్పోరో యాంకర్‌ను కొంది. 2023 జూన్‌లో 'ఇక క్రిస్మస్ బీరు చేయం' అన్నారు. ఖర్చు ఎక్కువ, సమయం ఎక్కువ అన్నది వాళ్ల లెక్క. ఆ మరుసటి నెలలోనే బ్రూవరీ మొత్తాన్నీ మూసేస్తున్నట్టు ప్రకటించారు. అలా ఓ డిసెంబరు ఆ బీరు సందడి లేకుండానే గడిచింది.

లెక్కల్లో చూస్తే ఆ నిర్ణయం తప్పనిపించదు. ఏటా కొత్త తయారీ, కొత్త బొమ్మ, కొన్ని వారాల అమ్మకం... ఏ కంపెనీకైనా భారమే. కానీ జనం దాన్ని ఇష్టపడిందీ సరిగ్గా ఆ భారం వల్లే. ఎప్పుడూ దొరికేదైతే సీసా దాచుకునేవారే కాదు. పన్నెండు నెలలూ ఒకేలా దొరికే సరుకుకు ఎదురుచూపు ఉండదు. ఎదురుచూపు లేనిదానికి పండగ ఎక్కడిది?

కథ అక్కడితో ముగిసిపోలేదు. 2024లో యాంకర్‌ను పెరుగు వ్యాపారంలో పేరొందిన చొబాని సంస్థ అధిపతి హంది ఉలుకయా కొన్నారు, మళ్లీ నిలబెడతానన్నారు. మూతపడబోయే చోటును ఓ మనిషి చేరదీయడం దానికి కొత్తేమీ కాదు. 1965లోనూ జరిగిందదే.

రేగిపళ్ల బండి వీధిలోకి రాకపోతే ఆ ఏడు చలికాలం వచ్చినట్టే ఉండదు మనకు. దాచుకున్న సీసాలున్నవాళ్లదీ అదే ఎదురుచూపు. వాళ్ల వరసలో ఇంకో చెట్టుకు చోటుంది.