రంగుకు పేరొక్కటే చాలదు

వర్తకుడు చెప్పిన రంగు ఒకటి, చీర మీద దిగిన రంగు మరొకటి అయితే నష్టపోయేది మగ్గం ముందు కూర్చున్నవాడే. మన సంఘీయులందరూ ఆలోచించవలసిన విషయమిది. ఇందుకు పరదేశపు రంగు ఒకదాని కథ మనకు పనికివస్తుంది.

ఇంగ్లండులో 15వ శతాబ్దంలో యార్క్ రాజవంశం వారు తమ పరివారానికి రెండు రంగుల దుస్తులు ఇచ్చేవారు. ఒకటి నీలం, రెండవది ‘మర్రీ’. మర్రీ అనగా ఎరుపు కలిసిన ముదురు ఊదా. మల్బరీ పండుకు లాటిన్ భాషలో ఉన్న ‘మోరమ్’ అనే పేరునుంచి ఈ మాట పుట్టింది. కన్నడ దేశంలో పట్టుపురుగులకు ఆకు వేసే ‘హిప్పునేరళె’ కూడా ఆ మల్బరీ జాతిదే.

పేరు పండుదే గాని రంగు పండుది కాదు. పండు రసం బట్టకు అంటుతుంది, కాని ఎండకు వెలుస్తుంది, సబ్బునీటికి మారుతుంది. అందుచేత అక్కడి అద్దకపు పనివారు ఉన్నిని వోడ్ అనే ఆకు నీలిలో ముంచి, పటిక పట్టించి, మన మంజిష్ఠ వంటి వేరుతో ఎరుపెక్కించి ఇటువంటి ఛాయలు తీసేవారు. నీలి పాలు పెరిగితే ఒక ఛాయ, ఎరుపు పాలు పెరిగితే మరొక ఛాయ. పేరు మాత్రం మారదు.

ఇంగ్లీషువారి వంశచిహ్నాలలో కూడా మర్రీ అరుదుగా కనిపిస్తుంది. అక్కడ రంగు పేరు చెబితే చాలు. చిత్రకారుడు కొంత ముదురుగా పూసినా, లేతగా పూసినా డాలు మీది గుర్తు చెల్లుతుంది.

నేతగానికి ఆ వెసులుబాటు లేదు. పడుగులో రెండు అద్దకాల నూలు కలిస్తే చార కనిపించక మానదు. మనం ‘నేరేడు రంగు’ అంటే నల్లగా నిగనిగలాడే పండు గుర్తుకు వస్తుంది; కన్నడ వర్తకుడు ‘నేరళె’ అంటే ఊదా ఏదైనా కావచ్చు. ఫోనులో వచ్చే ఫోటో సంగతి చెప్పనక్కరలేదు, ఒక్కొక్క ఫోనులో ఒక్కొక్క ఛాయ. చీర తిరిగివచ్చినప్పుడు మాత్రం కోత నేత కూలికే పడుతుంది.

కనుక ప్రతి ఊరి సంఘం ఒక రంగుల పుస్తకం పెట్టాలి. రంగు పేరు, తేదీ, అద్దిన నూలు ముక్క అందులో ఉండాలి. వెలుతురు తగలకుండా పెట్టెలో భద్రపరచాలి. ఒప్పందం నాడే అదే అద్దకపు నూలు వర్తకుని వద్ద ఒక ముక్క, నేతగాని వద్ద ఒక ముక్క ఉండాలి. అద్దకపు పాళ్లు బయటపడతాయని కొందరు సందేహిస్తారు. పాళ్లు రాయనక్కరలేదు, నూలు ముక్క చాలు.

నోటిమాటకు సాక్షి ఉండడు. నూలు ముక్కే మన సాక్షి.