ఫ్యామిలీ బ్రూవరీ అట!

"ఫ్యామిలీ బ్రూవరీ" అనే మాట ఎవరు పుట్టించారో గానీ మా ఇళ్ళల్లో బాగా స్థిరపడిపోయింది. ఒకప్పుడు మా సనత్‌నగర్ వాళ్ళకి ఆదివారం సరదా అంటే అమీర్‌పేట్ వైపు వెళ్ళి ఒక సినిమా చూసి, దోసెలు తిని ఇంటికి రావడం. ఇప్పుడు మరిది పుట్టినరోజన్నా, ఆడపడుచు వాళ్ళు అమెరికా నుంచి వచ్చారన్నా, ఎవరికో ప్రమోషనన్నా, జూబ్లీహిల్స్‌లోనో గచ్చిబౌలిలోనో టేబుల్ బుక్కయిపోతుంది. "బార్ కాదు వదినా, బ్రూవరీ. అందరూ ఫ్యామిలీలతోనే వస్తారు, పిల్లలు ఆడుకోవడానికి చోటు కూడా ఉంటుంది" అని మనల్ని ఒప్పిస్తారు.

ముందే చెప్పేస్తున్నాను, నా గొడవ బీరుతో కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు, 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997కల్లా అదీ ఎత్తేశారు. ఆ తల్లులకి దండం. ఇప్పుడు మళ్ళీ నిషేధం పెట్టమని నేనడగడం లేదు. ఇరవయ్యొక్కేళ్ళు దాటినవాళ్ళు వాళ్ళ డబ్బుతో ఏం తాగుతారో వాళ్ళిష్టం. నా గొడవల్లా ముందున్న ఆ "ఫ్యామిలీ" అన్న మాటతో. అక్కడ ఫ్యామిలీ అంటే తాగకుండా కూర్చుని, తాగేవాళ్ళ సరదాకి కాపలా కాసే ఆడమనిషి. ఆవిడ లేకపోతే అది ఉత్త బార్.

చోటు బాగుండదని ఎవరన్నారు? బాగుంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీలకి నిబంధనలు తెచ్చాక వచ్చినవి ఇవన్నీ. అద్దాల వెనక నిలువెత్తు స్టీలు ట్యాంకులు, అక్కడే కాచి అక్కడే పోస్తారు. వంటింట్లో బతుకు గడిచిన మనకి అది చూడాలనే ఉంటుంది. మనం మాల్టు కోసం రాగులు నానబోసి మొలక కట్టినట్టే వాళ్ళు బార్లీని మొలకెత్తించి ఆరబెడతారు. పలుకుగా ఆడించి వేడినీళ్ళలో ఊరబెడితే తీపి రసం దిగుతుంది. దాన్ని హాప్స్ అనే చేదు పువ్వులు వేసి మరగబెట్టి, చల్లార్చి, ఈస్ట్ కలిపి పులియబెడతారు. గోధుమ బీరని ఒకటి, కాఫీ రంగులో స్టౌటని ఒకటి. అక్కడ పనిచేసే కుర్రాడు ఇవన్నీ ఓపిగ్గా చెప్పాడు కూడా. నేను వింటూనే ఉన్నాను, ఈలోగా తోడికోడలి చిన్నవాడు బాత్రూమన్నాడు.

అక్కణ్ణుంచి మొదలు. బాత్రూముకి ఎవరు తీసుకెళ్ళాలి? తాగేవాళ్ళు లేవరు, గ్లాసు సగంలో ఉంటుంది కదా. చికెన్ వింగ్స్ కారంగా ఉన్నాయని ఏడ్చే పిల్లకి పెరుగన్నం ఎక్కణ్ణుంచి తేవాలి? అక్కడ పెరుగన్నం ఉండదు. పాటల హోరులో అత్తగారికి తలనొప్పి, ఆవిణ్ణి బయట గాలికి కూర్చోబెట్టాలి. "ఆడుకునే చోటు" అన్నది తీరా చూస్తే నాలుగు ప్లాస్టిక్ బొమ్మలు, అక్కడా ఒక మనిషి నిలబడాలి. ఇవన్నీ చేస్తూ ఓ కంటితో గ్లాసులు లెక్కపెట్టుకోవాలి. రుచి చూడ్డానికని ఒక పళ్ళెంలో అరడజను చిన్న గ్లాసులు తెస్తారు. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి. అవి లెక్కలోకి రావట, "టేస్టింగే కదా" అంటారు. కడుపు లెక్కపెట్టుకుంటుంది నాయనా.

ఇంక బిల్లు. రెండు ఫ్రెష్ లైమ్‌లు తాగిన నేనూ, ఆరు గ్లాసులు తాగిన బావగారూ సమానం. "ఇంటికింత" అని పంచేస్తారు. విడిగా కట్టుకుందామంటే పీనాసి కింద లెక్క.

అన్నిటికంటే నన్ను కుదిపేది తిరుగు ప్రయాణం. దీని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే బండి నడపడం నేరం. మొదటిసారి దొరికితే ఆర్నెల్ల దాకా జైలు, పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. సరే, అరలీటరు గ్లాసు, 5 శాతం బీరు అనుకోండి. అందులో అసలు ఆల్కహాల్ 25 మిల్లీలీటర్లు, తూకంలో దాదాపు 20 గ్రాములు. 70 కిలోల మగమనిషి ఖాళీ కడుపుతో గబగబా తాగితే ఆ ఒక్క గ్లాసే 40 దగ్గరకి తీసుకెళ్తుంది. ఒంట్లోంచి అది దిగేది గంటకి సుమారు 15 చొప్పున. అంటే "ఒక్కటే కదా" అన్న ఆ ఒక్కటితోనే గీత దాటేశాడు. నాలుగు తాగినవాడు తెల్లారేదాకా స్టీరింగ్ పట్టకూడదు. మా వాళ్ళలో ఇంజనీర్లు ముగ్గురున్నారు, ఈ లెక్క వాళ్ళకి రాదని నేను నమ్మను.

మరి ఎవరు నడుపుతారు? డ్రైవింగ్ వచ్చిన ఆడపిల్ల. మా ఆడపడుచు కూతురు నేర్చుకుని ఏడాది కాలేదు, రాత్రి పదకొండింటికి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటుకుని, యూసఫ్‌గూడ, ఎర్రగడ్డ మీదుగా ఏడుగురిని కుక్కుకుని తీసుకొచ్చింది. పక్క సీట్లోంచి తండ్రి "గేరు మార్చవే, బ్రేకెయ్యవే" అని అరుస్తూనే ఉన్నాడు. ఆ పిల్లకి మర్నాడు పరీక్ష. దీన్ని మా ఇంట్లో అందరూ నవ్వుకుంటూ చెప్పుకున్నారు.

"అమెరికాలో అందరూ పిల్లల్ని తీసుకెళ్తారు" అన్నది ఇంకో వాదన. వెళ్తారు, నేనూ చూశాను. మా చెల్లెలు ఉండే షార్లట్ నుంచి రెండు గంటల దూరంలో ఆష్‌విల్ అని కొండల్లో ఒక ఊరుంది, బ్లూ రిడ్జ్ కొండలు. ఆ ఊరంతా బ్రూవరీలే. కాలిఫోర్నియా నుంచి సియెర్రా నెవాడా కంపెనీ వచ్చి దగ్గర్లోని మిల్స్ రివర్‌లో పెద్ద బ్రూవరీ కట్టింది, కొలరాడో నుంచి న్యూ బెల్జియం వచ్చింది. మేము వెళ్ళినది చిన్నది. గడ్డి మైదానం, ఎదురుగా నీలం కొండలు, పిల్లలూ కుక్కపిల్లలూ పరుగులు. నాకు మైదానం కంటే నచ్చింది ఒకటుంది. పక్క బల్ల దగ్గర నాన్నే చంటిదాని డైపర్ మార్చాడు, నీళ్ళే తాగాడు. ఆయన భార్య బీరు తాగింది. ఆ రోజు వంతు ఆవిడది. మరి మా మరిదిగారూ అదే చూశారు కదా? ఆయనకి కనిపించింది పిల్లలూ బీరూ పక్కపక్కన ఉండటం, వంతు మాత్రం కనబడలేదు. పైగా అక్కడి గీత 80, ఇక్కడిది 30. అక్కడి అలవాటు తెచ్చుకున్నవాళ్ళు ఇక్కడి చట్టం సంగతి చూసుకోవద్దా!

అక్కడా అంతా సవ్యమని అనను. ఆ రోజు మన తెలుగు గుంపులో మాత్రం డైపర్లు మార్చింది మేమే, తిరిగి వస్తూ కొండ మలుపుల్లో కారు నడిపింది మా చెల్లెలే.

"ఇంట్లో తాగడం కన్నా నయం కదా" అంటుంది మా తోడికోడలు. ఆ మాటలో బాధ నాకు తెలుసు. కళ్ళ ముందుంటే తక్కువ తాగుతాడని ఆశ. కానీ తాగుడుకి కాపలా ఉండటాన్ని విహారం అని పిలవకు తల్లీ. కాపలాకి వెళ్తున్నానని చెప్పు.

ఇంకో సంగతి. మా పనిమనిషి భర్త కల్లు కాంపౌండుకి వెళ్తే ఇదే మరిది "వీళ్ళు బాగుపడరు వదినా" అంటాడు. తాటికల్లు పులిస్తే దాదాపు బీరు బలమే. కల్తీ భయం ఉంది, నిజమే, 2025 జూలైలో మా పక్కనే కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి మనుషులు పోయారు. అది ఘోరం. కానీ మరిది అంటున్నది కల్తీ గురించి కాదు, తాగుడు గురించి. ఆవిడ భర్త చంటిపిల్లల్ని కాంపౌండుకి తీసుకెళ్ళి కూర్చోబెడితే వీధంతా తిడుతుంది. మనం తీసుకెళ్తే ఫొటోలు దిగి స్టేటస్ పెట్టుకుంటాం. ఆవిడ పిల్లలకొక న్యాయం, మన పిల్లలకొక న్యాయమా?

మా పద్నాలుగేళ్ళవాడు మొన్న ఐపీఏ అంటే ఏమిటో, ఏది ఎక్కువ చేదో నాకు చెప్పాడు. చుక్క ముట్టలేదు వాడు, నాకు తెలుసు. పుట్టినరోజు, ప్రమోషన్, చుట్టాల రాక, ఏ సంతోషమైనా ఆ ట్యాంకుల ముందే జరుపుకోవాలని మాత్రం నేర్చేసుకున్నాడు. చట్టం ఇరవయ్యొక్కేళ్ళు అంటోంది, మనం ఏడేళ్ళ ముందే పాఠం మొదలెట్టాం.

వచ్చే నెల మరిది యాభయ్యో పుట్టినరోజు. టేబుల్ పన్నెండుమందికి బుక్ చేశానని గ్రూపులో పెట్టాడు. నేను జవాబు రాశాను: కార్లు ఇంటి దగ్గరే ఉంటాయి, అందరూ క్యాబుల్లో వెళ్ళండి, ఆడపిల్లల చేతికి తాళాలివ్వొద్దు. ఎవరి తాగుడు బిల్లు వాళ్ళది. అత్తగారినీ పిల్లలందరినీ నేను సినిమాకి తీసుకెళ్తాను, కేకు మధ్యాహ్నం మా ఇంట్లో కోద్దాం, గుత్తొంకాయ, పులిహోర నేనే చేస్తాను. "మరి ఫ్యామిలీ లేకుండా ఏం బాగుంటుంది వదినా?" అని వెంటనే మెసేజ్ పెట్టాడు.

దానికింకా జవాబు రాయలేదు. మీరైతే ఏం రాస్తారు?